మూతి దాచని ఫోటో

నా చిన్న బిడ్డకు కూతురు పుట్టి పదకొండు వారాలు దాటేసరికి, బిడ్డ ఫోనులోనూ అల్లుడి ఫోనులోనూ కలిపి పాప ఫోటోలు అరవై ఒకటి ఉన్నాయి. కూర్చుని లెక్కపెట్టాను. పాదాలవి పందొమ్మిది, పిడికిళ్లవి పన్నెండు, వెనక నుంచి తీసినవి ఇరవై రెండు. మిగిలిన ఎనిమిదింటిలో తువ్వాలు ముక్కు దాకా కప్పి ఉంది. ముఖం కనిపించేది ఒక్కటీ లేదు.

పాప పై పెదవి ఎడమ పక్కన చీలి, ముక్కు దాకా పోయింది. గ్రహణం మొర్రి అంటారు. పుట్టినప్పుడు రెండు కిలోల ఆరు వందల గ్రాములు. జగిత్యాలలో చూసిన డాక్టరు తాను బెదరలేదు, మమ్మల్ని బెదరగొట్టలేదు. ఐదు కిలోలు కానీయండి, కుట్టేద్దాం అన్నాడు. నేను ఆ ఐదు కిలోల వెంట పడ్డాను. తల్లీపిల్లలను మా సిరిసిల్లకు తెచ్చుకున్నాను. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాం. ప్రతిసారీ ఎన్ని తాగిందో, ఎన్ని కక్కిందో రాసుకున్నాను. ఎనభయ్యో రోజు ఐదు కిలోల నలభై గ్రాములు తూగింది. అంటే రోజుకు ముప్పైన్నర గ్రాములు. సోమవారం ఆపరేషన్ అని ఖాయమైంది.

ఆపరేషన్ అయ్యేదాకా తోడుంటానని కోరుట్ల నుంచి మా వియ్యపురాలు బుధవారమే వచ్చింది. గురువారం పొద్దున నేను పాపకు ఫోటో తీయిద్దామన్నాను.

"గిప్పుడేం ఫోటో ఒదినె? ఇంకో నెల ఆగితే మంచి మూతితోని దిగుతది," అంది ఆమె.

"మంచి మూతితోని గూడ దిగుతది. గీ మూతితోని గూడ దిగుతది."

"రేపు పెద్దగైనంక జూసుకుని ఏడ్వదా?"

"మనం దాచినమని తెలిస్తే ఏడుస్తది."

ఆమె చెడ్డ మనిషి కాదు. వచ్చేటప్పుడు కోడలి కోసం నువ్వుల ముద్దలు చేసుకొచ్చింది. కానీ పురిటి మంచం దగ్గరే నా బిడ్డను ఒక మాట అడిగింది, గ్రహణం పట్టినప్పుడు ఏమన్న కోసినవా అని. నా బిడ్డ ఆలోచించి ఆలోచించి, ఏదో ఒక పూట బీరకాయలు కోశానేమో అంది. అంతే, అది నేరమై కూర్చుంది. ఆ గురువారం కూడా ఆమె ఊరుకోలేదు.

"గ్రహణం నాడు జర పైలంగ ఉంటే గీ ఫోటోల లొల్లే ఉండకపోవు."

నేను పాత క్యాలెండర్లు పారేయను. లోపలికి పోయి రెండేళ్లవీ తెచ్చి ఆమె ముందు పరిచాను. కడుపు నిలిచిన నెల దగ్గర వేలు పెట్టి, కాన్పు నెల దాకా ఒక్కో కాగితమే తిప్పాను.

"జూడు ఒదినె. గీ తొమ్మిది నెలలల్ల ఒక్కటే గ్రహణం. దాని కిందనే రాసున్నది, మన దేశంల కనవడదని. గా పూట నీ కోడలు మీ ఇంట్లనే ఉన్నది. ఏ బీరకాయ కోసింది?"

"కనవడకపోతే మాత్రం పట్టదా?"

"పడితే మీ వాడకట్టుల గప్పుడు కడుపుతోని ఉన్నోళ్లందరి పిల్లలకు గిట్లనే ఉండాలె. ఎందరికున్నదో చెప్పు, రాసుకుంట."

ఆమె అన్నం మాడుతోందని లేచి పోయింది. పొయ్యి మీద అన్నమే లేదు.

నా బిడ్డ ఇదంతా వింది. నిద్రపోతున్న పాప మూతి మీదికి తువ్వాలు అంచు లాగింది. ఈ ఎనభై రోజుల్లో ఆ చేతికి అలవాటైన పని అది. వాకిట్లో ఎవరి అడుగు వినపడినా చేయి ముందు తువ్వాలు మీదికే పోతుంది. నన్ను భయపెట్టింది వియ్యపురాలి మాట కాదు, ఈ చేయి. సోమవారం తర్వాత ఆ ముఖం ఉండదు. కన్నతల్లి కూడా ఒక్కసారి నిండుగా చూడకుండానే పోతుంది. పాప మొదటిసారి నవ్వింది నలభై మూడో రోజున. ఆ నవ్వు చీలిక దగ్గర రెండై, ఇటు సగం అటు సగం చెంపల దాకా పోయింది. అంత వెడల్పు నవ్వు నా ముగ్గురు పిల్లల్లో ఎవరికీ లేదు. ఏం తప్పు చేసిందని దాన్ని దాచాలి?

స్టూడియో అబ్బాయి పదిన్నరకు వచ్చాడు. పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడే. రెండు దీపాలు స్టాండ్ల మీద నిలబెట్టి, గులాబీ రంగు గుడ్డ పరిచి, తువ్వాలు తీయమన్నాడు. తీశాక ఒక దీపాన్ని కుడి పక్కకు జరిపాడు.

"అక్కా, పక్కకు తిప్పి పండవెడ్దమా? గీ కుడి చెంప మస్తు అస్తది."

"ఎదురుగ తియ్యి," అన్నాను.

"అయితే చేతుల బొమ్మ వెడ్త, మూతికి అడ్డం. లేకుంటే కంప్యూటర్ల సాఫ్ చేస్త అమ్మా. ఎవ్వలకు తెల్వది."

"నీ పెండ్లి ఫోటోల నీ ముక్కు సాఫ్ చేసుకున్నవా?"

అతడి ముక్కు కొంచెం పెద్దదే. నవ్వేశాడు. వంటింట్లోంచి వియ్యపురాలి నవ్వూ వినపడింది.

పాప లేవడం లేదు. అతడు చప్పట్లు కొట్టాడు, గిలక ఊపాడు. పక్కింట్లో సాంచెలు ఆడుతుంటే చప్పట్లు ఎవరికి వినపడతాయి? మరమగ్గాల మోతలో నిద్రపోవడం నేర్చిన పిల్ల. మా వీధి పిల్లలందరూ అంతే, మోత ఉంటే నిద్ర, ఆగితే మెలకువ.

"ఆగు బిడ్డా. పదకొండింటికి పనోళ్లు చాయ్‌కి పోతరు, సాంచెలు బందైతయి. గప్పుడు లేస్తది. మళ్ల నడిచేదాకా నీకు పది నిమిషాలు."

"గట్ల టైం వెట్టినట్టు లేస్తదా?"

"నీ గడియారం రెండు నిమిషాలు వెనుకకున్నది. ముందు గది సరిచేసుకో."

ఈలోపు దీపాలు ఆర్పమన్నాను. బట్ట తనిఖీ చేసి మడతలు పెట్టే పనిలో ఇరవై రెండేళ్లు ఉన్నాను. నెత్తి మీద దీపం పెడితే తెగిన పోగు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. తలుపు పక్కనుంచి వచ్చే వెలుతురులోనే బట్ట అసలు రూపు తెలుస్తుంది. పాపను తలుపు దగ్గరికి జరిపించాను.

"గిట్లయితే అన్ని కనవడ్తయి అమ్మా," అన్నాడు.

"కనవడాల్ననే కదా."

పదకొండింటికి సాంచెలు ఆగాయి. వీధంతా ఒక్కసారి చెవులు మూసుకున్నట్టు అయింది. పాప కళ్లు తెరిచింది. ఏడవలేదు. చప్పుడు ఎటు పోయిందా అని చూసి, తల్లిని చూసింది. అతడు కెమెరా ఎత్తాడు. నా బిడ్డ చేయి తువ్వాలు మీదికి పోయింది.

మూతి మళ్లీ తువ్వాలు కింద దాగిపోయింది. అతడు కెమెరా దించి నా వైపు చూశాడు. ఆ చేతిని నేను లాగేస్తే ఆ ఫోటో నాదవుతుంది, నా బిడ్డది కాదు. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. నాలుగు నిమిషాలు పోయాయి. వియ్యపురాలు వంటింటి గడప మీదికి వచ్చి నిలబడింది. ఐదు.

"అమ్మా," అంది నా బిడ్డ, నన్ను చూడకుండా. "నిజంగ కనవడలేదా గా గ్రహణం?"

"లేదు బిడ్డా. మూడుసార్లు జూసిన."

తువ్వాలు తీసింది. తీసి పక్కన పెట్టలేదు, ఉండ చుట్టి మంచం కిందికి విసిరేసింది. పాప మీదికి వంగి "ఏందే, ఏందే పిల్లా" అంది. పాప నవ్వింది, ఇటు సగం, అటు సగం. అతడు వరసగా పదకొండు తీశాడు. తొమ్మిదో నిమిషంలో సాంచెలు మళ్లీ మొదలయ్యాయి. పాప ఆవలించి కళ్లు మూసుకుంది.

అతడు సామాను సర్దుకుంటూ, అలవాటు మాటే, "జరంత టచప్ చేసి రేపిస్త అక్కా," అన్నాడు.

"మూతి ముట్టకు అన్నా," అంది నా బిడ్డ. ఎనభై రోజుల తర్వాత దాని గొంతు అంత గట్టిగా విన్నాను. "ఒక్క సుక్క గూడ. ముడితే తీసుకోను."

ముట్టలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు విప్పాక సన్నని గీత మిగిలింది. పాప నవ్వు ఇప్పుడు చిన్నది, చక్కనిది, అందరి నవ్వుల్లాంటిదే. మూడో నెల దాటాక బిడ్డ కోరుట్లకు పోతూ ఆ ఫోటోను చీరల మధ్య పెట్టుకుని తీసుకెళ్లింది.

నాలుగు రోజులకు వియ్యపురాలు ఫోన్ చేసింది.

"ఒదినె, నీ బిడ్డ జేసిన పని ఇన్నవా? ఆ ఫోటో ముంగటి అర్రల, దర్వాజకు ఎదురుంగ కొట్టింది. నన్నడగలేదు. గోడకు మొల గూడ తనే కొట్టింది. అచ్చినోళ్లందరు గా గోడకాన్నే ఆగుతున్నరు. ఎవలు గీ పిల్ల అని అడుగుతున్నరు."

"నువ్వేం జెప్తున్నవు?"

"ఏం జెప్త? నా మనుమరాలని జెప్తున్న. ఫోన్ వెట్టు, పాలు పొంగుతున్నయి."