పోయాడన్న మాట

నా నోరు మంచిది కాదని యానాం చేపల బజారంతా చెప్పుకుంటారు. ఆయ్, నిజమేనండి. రత్తమ్మతో బేరమాడాలంటే మగాళ్ళే జంకుతారు. అలాంటి నా నోరు కూడా పడిపోయిన రోజు ఒకటుంది. మా మేనకోడలు లక్ష్మీదుర్గ కాలేజీ మానేసిన రోజు.

మా తమ్ముడు త్రిమూర్తులు కూతురది. మా పేటలో డిగ్రీలో చేరిన మొదటి ఆడపిల్ల. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని కాకినాడ బస్సెక్కుతుంటే, "అదుగో, మా కలెక్టరమ్మ!" అని వీధంతా వినబడేలా అరిచేదాన్ని. "అబ్బా, ఊరుకో అత్తా" అని విసుక్కునేది. ఇప్పుడు తెల్లారకుండానే రొయ్యల కంపెనీ బస్సెక్కుతోంది. నేను అరవడం మానేశాను.

తుఫానుకి ముందు వేటకెళ్ళిన మా తమ్ముడి పడవ తిరిగి రాలేదండి. విరిగిన చెక్కలు దొరికాయి గానీ మనిషి దొరకలేదు. మా మరదలు లోవమ్మ తిండి మానేసి ఒడ్డునే కూర్చుంది. దాన్ని వదిలి పిల్ల కాలేజీకి ఎలా వెళ్తుంది? వెళ్ళలేదు. తీరా వెళ్ళేసరికి, అటెండెన్స్ చాలదు, పరీక్షలకి కూర్చోనివ్వం అన్నారు. అదే ఏడాది మళ్ళీ చదవాలంటే సర్కారు ఫీజు కట్టదట.

ప్రిన్సిపాల్ హెలెన్ మేడం మంచావిడే. "తండ్రి పోయిన పిల్లకి మినహాయింపు ఇవ్వొచ్చు. మీ అమ్మొచ్చి నాతో ఒక్క మాట చెబితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అందట.

ఒక్క మాట! ఆవిడకేం తెలుసు? సముద్రం మీదకెళ్ళిన మనిషిని మా పేటలో 'పోయాడు' అనరండి. శవం ఒడ్డుకి చేరేదాకా పెళ్ళాం బొట్టు తియ్యదు. ఆ మాట అన్నదంటే తన చేత్తో తనే మొగుణ్ణి నీళ్ళలో ముంచినట్టు.

అయినా ముగ్గురం వెళ్ళాం. లోవమ్మ ఎర్రటి బొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులేసుకుని వచ్చింది.

"మీ ఆయన ఎప్పుడు పోయారమ్మా?" మెల్లగా అడిగింది మేడం.

"పోలేదండి. వేటకెళ్ళారండి."

మేడం నావైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్ల చదువు బుగ్గిపాలవుతుంటే ఏం మొండితనం ఇది! వాడు నా తోడబుట్టినవాడే కదా, నేనే అనేద్దామని నోరు తెరిచాను. దుర్గ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దత్తా" అని మేడం వైపు తిరిగింది. "అమ్మ చెప్పింది నిజమేనండి. నాన్న వేటకెళ్ళాడు. నాకు టీసీ ఇచ్చేయండి."

అయ్యబాబోయ్! తెరిచిన నా నోరు తెరిచినట్టే పడిపోయింది.

గేటు దాటాక లోవమ్మ ఆగింది. కూతురి భుజం మీది బ్యాగు తీసి తను తగిలించుకుంది.

"అంత సంబరంగా చేర్పించాడే మీ నాన్న. వచ్చి, కాలేజీ ఎందుకు మానేశావే అని అడిగితే ఏం చెప్తావు?"

"నేను చెప్పుకుంటాలే అమ్మా" అంది దుర్గ. "నాన్న నన్నేమీ అనడు."