మిల్లు అవ్వ మూడో చరణం

బడిలో నేను కంప్యూటర్ టీచర్ని. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా పిల్లల మీద విసుక్కోనని నాకు మంచి పేరు. ఆ పేరు మా ఇంటి గడప దాకానే. లోపలికి వచ్చాక మా బాపు ఒక్కసారి పిలిస్తే చాలు, నా మొహం మాడిపోయేది.

ఇంట్లో కంప్యూటర్ పాతది. ఆదిలాబాద్‌లో మా ఇంటి వెనకే పత్తి మిల్లు. సీజన్ మొదలైతే దూది నూగు డబ్బాలోకి దూరి లోపలి ఫ్యానును తిరగనిచ్చేది కాదు. పెయింటు బ్రష్షుతో దులిపేదాన్ని. తెర నల్లగా ఉండిపోతే ర్యామ్ ముక్క బయటికి తీసి, దాని అంచును రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టేదాన్ని. లోపల తారీకును నిలిపే బిళ్ళ బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తారీకు ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయేది. బాపు రోజూ పొద్దున గోడ క్యాలెండర్ చూసి సరిచేసుకునేవాడు. కొత్త బిళ్ళ వేయడం ఐదు నిమిషాల పని. ఏడాదైనా వేయలేదు.

బాపు మా చర్చిలో పాటలు ఎత్తుకునే మనిషి. మా దగ్గర పెద్దవాళ్ళు ఎవరైనా పోతే, శవపెట్టె లేపే ముందు వాళ్ళ సొంత పాట పాడాలి. ఒక్కో అవ్వకు ఒక్కో పాట. అచ్చు పుస్తకాల్లో ఉండవు, పత్తి ఏరుతూ తామే కట్టుకున్నవి. వాటిని రాసుకున్న నోటుబుక్కులు ఒకసారి చెదలు తినేశాయి. దాంతో ఆయనకు కాగితం మీద నమ్మకం పోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కో అవ్వను ఇంటికి తీసుకొచ్చి, చాయ్ ఇచ్చి, కంప్యూటర్ పక్కన కూర్చోబెట్టి పాడించేవాడు. ఆమె ఒక్కో ముక్క చెబుతుంటే ఆయన ఒంటి వేలితో కొట్టేవాడు. పాడినామె పేరే పాటకు పెట్టేవాడు. మిల్లు అవ్వ, గాజుల అవ్వ, ఊట్నూరు అవ్వ. నాలుగేళ్ళు అదే పని.

"రాసింది ఏడ దాచాలె బిడ్డా?" అని ప్రతిసారీ అడిగేవాడు. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"ముంగటనే పెట్టుకో బాపూ, తెర మీదనే. కండ్లకు కనవడ్తది. మల్లమల్ల నన్ను అడగకు."

అలాగే పెట్టుకున్నాడు, మళ్ళీ అడగలేదు. తెర మీద ఏదీ దాచుకోవద్దని బడిలో పిల్లలకు మొదటి రోజే చెబుతాను. బాపుకు మాత్రం నాకు పీడ వదిలితే చాలని అలా చెప్పాను. ఒకసారి ఆయనే, "గీ పాటలు జర ఇంకో దాంట్ల గూడ పెట్టరాదు" అన్నాడు. "ఏడికి పోతయ్ బాపూ" అన్నాను.

మొన్న ఎండాకాలం కంప్యూటర్ తెర దాకా రాకుండానే ఆగి, మళ్ళీ మొదలవడం పట్టుకుంది. దులిపాను, రుద్దాను. లాభం లేదు. ఇక ఫార్మాట్ కొట్టి అంతా కొత్తగా ఎక్కించడమే అనుకుని సీడీ పెట్టాను. బాపు వెనక నిలబడ్డాడు.

"పాటలు పోవు గద?"

"పోవు. సి డ్రైవు ఒక్కటే తుడుస్తున్న" అన్నాను, వెనక్కి తిరగకుండానే. తెర మీద పెట్టినవన్నీ ఉండేది ఆ సి లోనే. తెర మీదనే పెట్టుకోమని నేను చెప్పిన మాట నాకే గుర్తు రాలేదు.

కంప్యూటర్ చక్కగా లేచింది. తెర ఖాళీగా ఉంది. బాపు చాలాసేపు దాన్నే చూశాడు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట, "డిస్కు పాతది బాపూ, అదే తినేసింది."

డిస్కు పట్టుకుని కరీంనగర్ దాకా పోయాను. షాపతను వారం ఉంచుకుని అవ్వల పేర్లు మాత్రం వెనక్కి తెచ్చాడు. ఏ పేరు తెరిచినా లోపల ఏమీ లేదు. మళ్ళీ రాద్దామని బాపు అవ్వల ఇళ్ళు తిరిగాడు. కొందరు అప్పటికే పోయారు. మిల్లు అవ్వకు మాట పడిపోయింది.

పోయిన నెల ఆమె కూడా పోయింది. బాపు పెట్టె ముందు నిలబడి ఆమె పాట ఎత్తుకున్నాడు. రెండు చరణాలు పాడాడు. మూడోది రాలేదు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆ చరణం తెలిసిన మనిషి పెట్టెలో ఉంది. మొదటి చరణమే మళ్ళీ పాడి ముగించాడు.

మట్టి వేసి వచ్చాక అవ్వ కూతురు అడిగింది. "మా అవ్వ పాట సగమే పాడినవేంది మామా?"

"కంప్యూటర్ పాతదమ్మా, తినేసింది. పాపం మా బిడ్డ దాని కోసం మస్తు పరేషాన్ అయింది."

అంటూ నన్ను ఓదార్చడానికన్నట్టు నా వైపు చూసి తల ఊపాడు. నేనూ ఊపాను.