ముల్లు గెంతిన చోట

ట్రంకుపెట్టె మూత తీయగానే కలరా ఉండల ఘాటు వెనకాల తడిసి ఆరిన అట్ట వాసన ఇంకా వస్తోంది చూడు కరుణా. నువ్వు రాస్తూ ఉండు, నేను చెబుతాను. ఈ అట్ట మీద గిటారు పట్టుకుని నిలబడినాయన మా అమ్మకి తమ్ముడు, దానియేలు మావ. లోపలున్న రికార్డు ఆయన పాడిందే.

మావ మా మిషన్ చర్చిలో గిటారు నేర్చుకుని, కలకత్తా వెళ్లి, హోటళ్లలో రాక్ పాటలు వాయించే బ్యాండులో చేరాడు. ఏళ్ల తరబడి ఎవరివో పాటలు వాయించి విసుగొచ్చి, వాళ్లని వదిలేసి, తన మాటలు, తన బాణీలు, తన ఒక్క గొంతుతో ఈ రికార్డు చేయించుకున్నాడు. ఎవరూ కొనలేదు. షాపుల నుంచి తిరిగొచ్చినవన్నీ ఒక చెక్కపెట్టెలో మా ఊరు కోటబొమ్మాళి స్టేషన్లో దిగాయి, దాంతోపాటే మావ కూడా దిగాడు.

వీధరుగు మీద ప్లేయరు పెట్టి దారిన పోయేవాళ్లని పిలిచి వినిపించేవాడు. ఓసారి చర్చి పెద్ద ఒకాయన చేతికర్ర ఆనించుకుని ఒక పాట మొత్తం విన్నాడు.

"ఇది దేవుడి పాటేటిరా?"

"కాదు తాతా."

"సినిమా పాటా?"

"అదీ కాదు."

"మరెవులు ఇంటార్రా దీన్ని?"

మావ నావైపు చూపించి, "ఇదిగో, ఈ గుంట ఇంటాది" అన్నాడు.

నిజమే, నేనే వినేదాన్ని. తొక్కుడుబిళ్ల ఆట మానేసి, ఒళ్లో వేయించిన పనసగింజలు పోసుకుని, చూరు నీళ్లు ధార కడుతుంటే ఆయన పక్కన కూర్చునేదాన్ని, పాట అయిపోగానే ప్లేయరు ముల్లు తీసి మళ్లీ మొదట్లో పెట్టేవాడు, అంతే.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. రికార్డుల అట్టలకి బూజు పట్టింది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి రేడియోలో పనిచేసే ఒకాయన, రికార్డు తెచ్చి వినిపించండి, బాగుంటే వేస్తాం అని ఉత్తరం రాశాడు. మావ మర్నాటి రైలుకి బయల్దేరాలని, ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేయించుకోడానికి టెక్కలి వెళ్లాడు.

ఆరోజే వాన వెలిసి ఎండ కాసింది. ముసురు తర్వాత మొదటి ఎండకి మా ఊళ్లో ఇంట్లో ఉన్నవన్నీ బయటికొచ్చేవి, బొంతలు, ఉలవలు, చింతపండు, చెరువులో నానేసి తీసి దండేల మీద వేసిన, నీళ్లోడే గోగునార, ఊరంతా ఆ పచ్చి కంపు. "బూజట్టిందేదైనా ఎండలో ఎయ్యే" అని అమ్మ కేకేసి పొలానికి పోయింది. నేను రికార్డులన్నీ అట్టల్లోంచి తీసి, పాత చీర కొంగుతో ఒక్కొక్కటీ తుడిచి, అప్పడాల్లా వరసగా చాప మీద పరిచాను. మావ చూసి ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను.

సాయంత్రానికి అన్నీ నిజంగా అప్పడాలే అయ్యాయి, అంచులు లేచిపోయి. గుమ్మం నీడ పడిన ఒక్కటి మాత్రం సగం బాగుంది. మావ వచ్చి, మడత నలగని చొక్కా చేతిలో పట్టుకుని, చాప ముందు నిలబడ్డాడు.

అమ్మ పొలం నుంచి వచ్చి గుండెలు బాదుకుంది. "ఎవులు సేసినార్రా ఈ పని?"

మావ నా మొహం చూశాడు. "నానే ఎట్టినానే అప్పా, బుద్ధిలేక."

నేను నోరు విప్పలేదు. ఆయన విశాఖపట్నం వెళ్లలేదు. మిషన్ హాస్టల్లో గుమస్తాగా చేరాడు, గిటారు మళ్లీ ముట్టుకోలేదు. ఆ సగం బాగున్నదాన్ని నేనే దాచుకుని, ప్లేయరు చెడిపోయేదాకా వింటూ వచ్చాను. రెండో పాటలో ఒకచోట ముల్లు ఎగిరి అవతల పడేది.

ఫోన్లో ఎంత వెతికినా మావ పేరే రావడం లేదన్నావు కదా. ఆ రెండో పాట నాకొచ్చు, పాడతాను, రాసుకో. కానీ ముల్లు గెంతిన చోట ఏ మాట ఉండేదో నాకు తెలీదే. ఎండకి ముందు ఎన్నోసార్లు విన్నదే, తర్వాత ఆ మాట లేకుండానే విని విని అసలుది మర్చిపోయాను. మావ బతికున్నన్నాళ్లూ అడగలేకపోయాను. అడిగితే, ఎండలో పెట్టింది నేనేనని కూడా నా నోటితో ఒప్పుకోవాలి కదా.

ఆ చోటు ఖాళీగా వదిలెయ్.