చెంచాడు ఇసబ్గోలు, గుక్కెడు నీళ్లు

ఆ రోజుల్లో నేను లోకంలోని దేని గురించైనా మాట్లాడగలిగేదాన్ని, ఒక్క నా కడుపు గురించి తప్ప. సినిమాల మీద, రాజకీయాల మీద, ఎదురింటివాళ్ల పెళ్లిసంబంధాల మీద నాకు గట్టి గట్టి అభిప్రాయాలుండేవి. కడుపు సంగతి వచ్చేసరికి మాత్రం మహా మర్యాదస్తురాలిని. ఆ మర్యాద నన్ను ఎంతదూరం తీసుకుపోయిందో (మాలూరు బస్టాండు పక్కనున్న డాక్టరమ్మ బల్ల దాకా) తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. నవ్వితే కడుపు నొప్పెట్టేది.

మాది కేజీఎఫ్, కోలారు బంగారు గనుల ఊరు. తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గనిలో పనికి వచ్చి, కార్మికులకిచ్చిన లైను ఇంట్లోనే కాపురం పెట్టాడు. గని మూతపడ్డాక మా ఊళ్లో ఉద్యోగమంటే పొద్దున రైలెక్కడమే. డిప్లొమా పూర్తికాగానే నాకు మాలూరు ఇండస్ట్రియల్ ఏరియాలో, కార్లకు వైర్ల కట్టలు అల్లే ఒక ఫ్యాక్టరీలో ట్రైనీగా చోటు దొరికింది. కొన్ని నెలలు బుద్ధిగా పనిచేస్తే పర్మనెంట్ చేస్తామన్నారు. నేను బుద్ధిగా ఉండాలని ఎంత గట్టిగా నిర్ణయించుకున్నానంటే, ఆఖరికి నా పేగులు కూడా బుద్ధిగా, కదలకుండా కూర్చున్నాయి.

తప్పు వాటిది కాదు. ఇంట్లో పొద్దున రాగిముద్ద తినే తీరిక లేక రైల్లో బన్ను తినేదాన్ని. మధ్యాహ్నం క్యాంటీన్లో తెల్లన్నం, సాయంత్రం స్టేషన్ బయట మైదా పరోటా. ఇంక నీళ్ల సంగతి. మా లేడీస్ టాయిలెట్ స్టోర్సు వెనకాల, యార్డు దాటి ఎక్కడో ఉండేది. పోవాలంటే మన చోట ఇంకొకరు నిలబడాలి, సూపర్‌వైజరు ఒప్పుకోవాలి. ఆయన వద్దనేవాడు కాదు పాపం. మనం అడగ్గానే చేతి గడియారం వైపు చూసేవాడు, తిరిగొచ్చాక మళ్లీ చూసేవాడు. అందుకే వెనకాల మేమంతా ఆయన్ను గడియారం సార్ అనేవాళ్లం. ఆ చూపు పడలేక నేను ఒక ఉపాయం కనిపెట్టాను: అసలు నీళ్లే తాగకపోతే పోయే అవసరమే రాదు కదా. (డిప్లొమాలో మంచి మార్కులే వచ్చాయి నాకు.)

ఫలితం త్వరలోనే తెలిసింది. ఇంట్లో అవ్వ నా వాలకం చూసి ఆముదం సీసా తీసింది. అవ్వకు తలనొప్పైనా, జ్వరమైనా, పరీక్ష పోయినా మందు ఆముదమే. ఆముదం తాగి, పొద్దున రైల్లో, ఆ రద్దీలో, మాలూరు దాకా ప్రయాణం చేసే ధైర్యం నాకు లేదు. ఏమీ కాలేదని చెప్పి తప్పించుకున్నాను.

బంగారుపేట అక్క దగ్గర మాత్రం తప్పించుకోలేకపోయాను. ఆమె ఫ్యాక్టరీలో మా లైనులోనే, నేను వైర్లు అల్లే వరసలోనే, పనిచేసేది. బంగారుపేటలో రైలెక్కి, రోజూ నా పక్కనే కూర్చునేది. చాలా మంచి మనిషి, కాకపోతే గొంతు తగ్గించడం ఆమెకు దేవుడు నేర్పలేదు. ఒక పొద్దున నా మొహంలోకి తేరిపారజూసి, పెట్టె మొత్తానికి వినబడేలా అడిగింది.

"ఏమ్మా, మోషన్ సరిగ్గా అవతా లేదా?"

ఎదురుగా కూర్చున్న పెద్దాయన పేపరు పైకెత్తుకున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, మా ఊళ్లో గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల కింద నన్ను పాతిపెడితే బాగుండుననుకున్నాను.

అక్క చెప్పిన మందు ఇసబ్గోలు. ఏదో గింజ మీది పొట్టట. పేగులను తన్ని తరిమే మందు కాదట, నీళ్లు పీల్చుకుని మెత్తగా ఉబ్బి, లోపలున్నదాన్ని మెల్లగా దారి పట్టిస్తుందట. వాళ్లాయనకు మొలల బాధ దీనితోనే తగ్గిందట, వాళ్లత్తకు కొలెస్ట్రాలుకు కూడా మంచిదని డాక్టరు చెప్పాడట. "సుమ్నే, ఊరికే భయపడొద్దు, ఇది ఆకూ కూరా మాదిరే" అంది. ఆ సాయంత్రమే మందుల అంగడిలో ఒక డబ్బా కొన్నాను. ఏ పనైనా మొదలుపెడితే అంతు చూడకుండా వదలని రకం నేను. డబ్బా మీదున్నదంతా శ్రద్ధగా చదివాను. పెద్ద గ్లాసుడు నీళ్లతో తీసుకోవాలి అన్న మాట కూడా చదివాను. అది టాయిలెట్ దగ్గరున్నవాళ్లకు రాసిన మాట అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మర్నాడు రైల్లో ఒక చెంచా పొడి నోట్లో వేసుకుని, గుక్కెడు టీ తాగాను. ఇసబ్గోలు తన ధర్మం తాను చేసింది. ఎక్కడ తడి తగిలితే అక్కడ ఉబ్బడం దాని ధర్మం. నా గొంతులో తగిలింది, అక్కడే ఉబ్బింది. కళ్లు తేలేశాను. అక్క వీపు మీద చరిచింది, పేపరు పెద్దాయన కూడా లేచి ఒక చెయ్యి వేశాడు, చివరికి ఎవరిదో సీసాలోని నీళ్లతో అది కిందికి దిగింది. ఇంకెవరైనా ఐతే ఆ డబ్బాను టేకల్ స్టేషన్ దగ్గర కిటికీలోంచి విసిరేసి ఉండేవారు. నేను పట్టుదల మనిషిని. పొడిగా వేసుకోవడమే పొరపాటనుకుని, అప్పట్నుంచి చిన్న గ్లాసు మజ్జిగలో కలిపి తాగాను. పని చెయ్యలేదు. చెయ్యకపోతే మోతాదు చాలలేదని అర్థం కదా, రెండు చెంచాలు చేశాను. కడుపు మద్దెలలాగా బిగిసింది. మూడు చేశాను.

ఇంతలో కస్టమర్లు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నారన్నారు. వాళ్ల ముందు వైర్లు అమర్చి చూపించేవాళ్లలో నన్నూ నిలబెట్టారు. అది బాగా చేస్తే పర్మనెంటు ఖాయమని అందరూ అన్నారు. ఆ రోజు నేను వైర్లు అమర్చే బోర్డు ముందు నవ్వుమొహంతో నిలబడ్డాను. ఎర్ర వైరు పెట్టాను, పచ్చ వైరు పెట్టాను, పసుపు వైరు చేతిలోకి తీసుకోగానే కడుపులో ఎవరో మెలితిప్పినట్టయి, అతిథులకు నమస్కారం పెడుతున్నట్టుగా వంగిపోయాను. వాళ్లలో ఒకాయన మర్యాదగా తిరిగి నమస్కారం పెట్టాడు. నేను లేవలేదు. అప్పుడు అర్థమైంది వాళ్లకు.

అక్కే నన్ను ఆటోలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె పొట్ట నొక్కి చూసి, వాంతులున్నాయా, రక్తం పడిందా, గాలైనా పోతోందా అని అడిగి, ప్రమాదమేమీ లేదని తేల్చుకున్నాక డబ్బా చూపించమంది.

"ఇది వేసుకొని నీళ్లు ఎంత తాగతావమ్మా?"

"చిన్న గ్లాసు మజ్జిగ తాగతాను డాక్టరమ్మా" అన్నాను.

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పొట్టు మంచిదేననీ, దానికి తగినన్ని నీళ్లు పొయ్యకపోతే పేగులో సిమెంటు పోసినట్టేననీ చెప్పింది. కొందరికి దారి పూర్తిగా మూసుకుపోయి ఆపరేషన్ దాకా పోతుందట. గట్టి నొప్పి, వాంతులు ఉన్నప్పుడు దీని జోలికే పోకూడదట. మామూలుగా వాడేవాళ్లు కూడా కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలట. వేరే మాత్రలు వేసుకునేవాళ్లు వాటికీ దీనికీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉంచాలట, లేకపోతే మాత్ర ఒంటికి పట్టకుండా దీంతో పాటే పోతుందట. కడుపు కదలడానికి వేరే మందు రాసిచ్చి, అది పనిచేసేదాకా పొడి ఆపమంది. అప్పుడు నిదానంగా అడిగింది, అసలు నీళ్లెందుకు తాగవని. యార్డు సంగతి, గడియారం సంగతి చెప్పాను. ఆమె అక్క వైపు చూసింది. ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడే అక్క చాలా మెల్లగా, తానూ తాగనని చెప్పింది. మా లైనులో ఎవరూ తాగరట. ఒకమ్మాయికి మూత్రంలో మంటలు, ఇంకొకామెకు కిడ్నీలో రాళ్లు. ఎవరి మర్యాద వాళ్లు కాపాడుకుంటూ, ఎవరికి వాళ్లే ఎండిపోతున్నాం.

నా పట్టుదలకు అప్పుడు దొరికింది సరైన పని. రెండు రోజులు ఇంట్లో ఉండి, ఒళ్లు తేలికపడ్డాక ఫ్యాక్టరీకి పోయి, అందరి ముందూ గడియారం సార్ దగ్గర నిలబడ్డాను. ఆయనది ఆంధ్రా సరిహద్దులోని నంగలి, మాలాగే తెలుగు మాట్లాడేవాడు. లైను మధ్యలో పోయిరావడానికి మాకు ఏదైనా ఏర్పాటు చెయ్యమని అడిగాను. ఆయన అలవాటుగా చేతివైపు చూశాడు.

"టార్గెట్ ఉండాది గదమ్మా. నీళ్లు తాగొద్దని నేను చెప్పినానా?"

"చెప్పలేదు సార్. తాగినాక యాడికి పోవల్లో అదీ చెప్పలేదు" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మీటింగులో పెడదామన్నాడు. మా ఫ్యాక్టరీలో మీటింగులో పెట్టిన సంగతులు మీటింగులోనే కాపురం ఉండేవి.

మర్నాడు రైల్లో అక్క గొంతు మొదటిసారి నాకు ఉపయోగపడింది. పెట్టెలో ఉన్న మా లైను ఆడవాళ్లందరికీ ఒక్క మాటలో సంగతి చేరిపోయింది. ఆ రోజు టీ బ్రేకులో అందరం సీసాలు తీసి, డాక్టరమ్మ చెప్పినట్టు, కడుపునిండా నీళ్లు తాగాం. సమ్మె కాదు, నినాదాలు లేవు. తాగాం, అంతే. కాసేపటికి ఒక చెయ్యి లేచింది. ఆమె తిరిగిరాకముందే ఇంకో చెయ్యి. అందరం చాలా వినయంగా, ఒకరి తరవాత ఒకరం, సార్‌ను అనుమతి అడిగాం. ఆయన కాదనలేకపోయాడు. యార్డు పొడుగునా మేం పోతున్నాం, వస్తున్నాం. ఖాళీ చోట్లలో నిలబడ్డానికి మనుషులు చాలక గడియారం సారే అక్క బోర్డు ముందుకొచ్చి వైర్లు దూర్చడం మొదలుపెట్టాడు. ఆయన చేసిన మొదటి కట్ట పరీక్ష బల్ల మీద ఎర్ర దీపం వెలిగించి కూతపెట్టింది. రెండోదీ పెట్టింది. చివరికి లైను ఆగింది.

ప్లాంటు మేనేజరు మెట్లు దిగి వచ్చి ఏమైందని అడిగాడు. నాకు పర్మనెంటు ఉద్యోగం కళ్లముందే పసుపు వైరులా జారిపోతున్నట్టనిపించింది. అయినా చెప్పాను. పొట్టు సంగతి, నీళ్ల సంగతి, నేను అతిథులకు నమస్కారం పెట్టిన సంగతి, అన్నీ, ఒక్కటీ దాచకుండా, పెద్ద గొంతుతో. మగవాళ్ల లైను కూడా పని ఆపి విన్నది. మేనేజరు లైను పక్కనే తాళం వేసివున్న గది చూపించి అదేమిటని అడిగాడు. లేడీస్ టాయిలెటే, కట్టినప్పట్నుంచి అట్టపెట్టెలు పెట్టుకుంటున్నామని గడియారం సార్ నేలను చూస్తూ చెప్పాడు.

అట్టపెట్టెలు ఆ వారంలోనే బయటికొచ్చాయి. మా చోట్లలో నిలబడే మనుషులు రావడానికి ఇంకా చాన్నాళ్లు పట్టింది, ఎన్నోసార్లు గుర్తుచెయ్యాల్సి వచ్చింది. నా ట్రైనింగును మాత్రం పొడిగించారు. ప్రవర్తన ఇంకొంచెం గమనించాలట. గమనించుకోనీ అనుకుని ఇసబ్గోలు ఒక్క చెంచాతో మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి పెద్ద గ్లాసుతో. అది పనిచేసింది. పొద్దున ముద్ద, ఆకుకూర మళ్లీ అలవాటయ్యాక డబ్బా అవసరమే తగ్గిపోయింది. కొన్నాళ్లకు పర్మనెంటు కాగితమూ వచ్చింది. అది చేతికిస్తూ గడియారం సార్ అటూ ఇటూ చూసి, ఆ పొడి తిండికి ముందా తరవాతా అని గొంతు తగ్గించి అడిగాడు. ముందు నీళ్ల సంగతి చెప్పాను.

ఇప్పుడు నేను ఇంకో ఫ్యాక్టరీలో ఇన్‌ఛార్జిని. మీటింగుల్లో మెత్తగా మాట్లాడతాను, రెండు వాక్యాల మెయిలు పంపడానికి అరగంట ఆలోచిస్తాను. అలాంటప్పుడు ఒక్కోసారి, ఫ్యాక్టరీ నడిమధ్య నిలబడి తన పేగుల చరిత్రంతా మేనేజరుకు వినిపించిన ఆ ట్రైనీ పిల్ల గుర్తొస్తుంది. దానికి తెలివి కొంచెం ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. సిగ్గు మాత్రం సరిగ్గా సమయానికి పోయింది.