కుర్చీ ఎక్కడ వేయాలి

సిరిసిల్లలో మా మామగారి ముందుగదిలో రెండు మంచాలు వేస్తే నడవడానికి చోటుండదు. జగిత్యాలలో ఏదో ఫంక్షన్ హాలు మూసేస్తుంటే, అక్కడి నిలువెత్తు స్పీకర్లు రెండు కొనుక్కొచ్చి ఆ గదిలో నిలబెట్టాడాయన. పొద్దస్తమానం వాటి ముందే కుర్చీ. పుట్టింటికొచ్చిన నా భార్యను, రెండేళ్ల కూతుర్ని తీసుకుపోదామని కోరుట్ల నుంచి వెళ్లేసరికి, పాట దద్దరిల్లుతుంటే పిల్ల ఆ కుర్చీలో తాత ఒళ్లో ఉంది. నాకు ఒళ్లు మండింది.

ఆయనకూ నాకూ పెళ్లినాటి నుంచే పడదు. నోటితో చెబితే వినడు కాబట్టి కొలిచి చూపిద్దామనుకున్నాను. పిల్లను చేతికిచ్చి నా భార్యను పెరట్లోకి పంపాను. స్పీకర్లలో ఒకే తీరుగా సాగే హోరు పెట్టి, టేపు పరిచి, ఫోన్లో శబ్దం కొలిచే యాప్ తెరిచాను. కుర్చీ దగ్గర అంకె ఎర్రబడింది. పైగా ఫోన్ జానెడు ఎత్తితే ఒక అంకె, దించితే ఇంకొకటి. అంత పెద్ద డబ్బాలో పైనుంచి వచ్చే సన్న శబ్దం, కిందినుంచి వచ్చే బొంగురు శబ్దం అంత దగ్గరలో కలవవు. వెనక్కి జరిగేకొద్దీ అంకె దిగింది. గుమ్మం దాటి అరుగు మీదికొచ్చాక ఎత్తినా దించినా మారలేదు. కుర్చీ ఉండాల్సింది అక్కడ, అంటే ఇంటి బయట. ఆ మాట ఆయనకు చెప్పడం నాకు మహా సంతోషంగా ఉండింది.

ఆయన అరుగు మీద నిలబడి, ఏం ఇనవడ్తలేదన్నాడు. నా ఫోనే ఖరాబైందన్నాడు. ఆయన బతుకంతా సాంచాల షెడ్డులోనే గడిచింది. ఆ మరమగ్గాల మోతలో ఎవరైనా చెవిలో నోరు పెట్టి మాట్లాడాల్సిందే.

"నా బిడ్డను సాంచాల నడుమ ఊయల గట్టి సాదిన అల్లుడా. దానికేమన్న అయ్యిందా?"

సరే, ఆ బిడ్డనే అడుగుదామన్నాను. నా భార్య వచ్చింది. ఆయన పాట పెట్టి, మనవరాల్ని ఒళ్లోకి తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆమె అరుగు మీద కాసేపు నిలబడింది, గుమ్మం దగ్గర ఆగింది, చివరికి వెళ్లి తండ్రి కుర్చీ పక్కన నిలబడింది.

"గీడైతే మంచిగ ఇనవడ్తుంది," అంది.

ఆయన గెలిచినట్టు నవ్వి పాట ఆపేశాడు. ఇద్దరి మీదా కోపంతో, అరుగు మీద నుంచే, ఇక బయలుదేరదామని మామూలు గొంతుతో అన్నాను. వాళ్లిద్దరూ వెనక్కి తిరగలేదు. మళ్లీ అన్నాను.

తాత ఒళ్లోంచి నా కూతురు ఒక్కతే తల తిప్పి చూసింది.