ఆర్డిస్ పడగొట్టిన గుర్తు

ఆర్డిస్ లార్సెన్ తన మొగుడు వెర్ల్‌ను పూడ్చిపెట్టిన రోజున, చర్చి హాల్లో వచ్చినవాళ్లకు పెట్టే బంగాళాదుంపల వంటకాన్ని తనే వేడిచేసి తనే వడ్డించింది. ఏడవలేదు. ఊళ్లో ఆడవాళ్లు రాతిగుండె అన్నారు. నాకు ఒళ్లు మండింది. మా ఊరి ఎడారి పార్కు కౌంటరులో మ్యాపులు అమ్ముకుంటూ ఇరవై ఏళ్లుగా ఆమెను చూస్తున్నదాన్ని. ఆమె లోపల మొద్దుబారిపోయింది, అంతే. "కాలు తిమ్మిరెక్కితే విదిలించుకుంటాం కదా గ్లెన్నా, దీన్నెక్కడ విదిలించుకోవాలో తెలీట్లేదే" అని ఒకసారి నాతోనే అంది. అప్పటికి వెర్ల్ పోయి రెండేళ్లయింది.

ఆమెకు మిగిలింది శనివారాలే. ఎడారిలో ఎన్నడూ నడవనివాళ్లను పొద్దున్నే పోగేసి, గాలికి తొలుచుకుపోయిన రాతి కమాను దాకా పోయే కమాను దారిలో తీసుకెళ్లేది. రానూ పోనూ మూడు మైళ్లు. జీతం లేదు, పైన వేసుకోవడానికి ఒక పచ్చ కోటు మాత్రం ఇచ్చారు. "నీళ్లు సగమయ్యాయా, వెనక్కి తిరగండి. కమాను ఎక్కడికీ పోదు, పోతే మీరే పోతారు" అనేది. జనం నవ్వేవాళ్లు, ఆమె నవ్వేది కాదు. మిగతా ఆరు రోజులూ ఏం చేస్తావని అడిగితే, "శనివారం వచ్చేదాకా కూర్చుంటా" అంది.

ఆ దారి సగం ఎర్రటి రాతిపరుపు మీదే. అక్కడ అడుగుల జాడ పడదు. అందుకని పార్కువాళ్లు మూడు నాలుగు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి గుర్తులు పెడతారు. ఒక గుర్తు దగ్గర నిలబడి తర్వాతిదాన్ని వెతుక్కుంటూ పోవాలి. ఫోటోల పిచ్చిగాళ్లు సరదాకి తమ సొంత రాళ్లు పేర్చిపోతారు, వాటిని నమ్మినవాళ్లు గల్లంతే. ఆ దొంగ గుర్తుల్ని తన్ని పడగొట్టడం కూడా ఆర్డిస్ పనే. ఏది అసలుదో ఏది దొంగదో ఆమె పాదాలకే తెలుసని అందరం అనేవాళ్లం. అలా అనీ అనీ ఆమెను చెడగొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆగస్టులో ఒక సోమవారం వరదొచ్చి వాగు గట్టు కోసుకుపోయింది. మంగళవారం మా పనివాళ్లు దారిని ఎడమవైపుకు జరిపి, మలుపులో కొత్త గుర్తు పెట్టి, ఆ సంగతి కాగితం మీద రాసి వెనక గదిలో అంటించారు. తన దారి గురించి కాగితం చూడాల్సిన ఖర్మ ఆర్డిస్‌కు ఏనాడూ పట్టలేదు. బుధవారం సాయంత్రం, దొంగ గుర్తులేమైనా ఉన్నాయేమో చూద్దామని ఆ మలుపు దాకా వెళ్లింది. ఎన్నడూ లేనిచోట రాళ్లు కనిపించాయి. తన్నేసి, అక్కడినుంచే వెనక్కి వచ్చేసింది.

గురువారం డెనీస్ కోవాచ్ వచ్చింది. ఒహాయోలో ఒక బళ్లో పిల్లలకు వంట చేస్తుందట, ఒంటరిగా ప్రయాణం చేయడం అదే మొదటిసారి. "అన్నిటికన్నా తేలికైంది ఏదండీ?" అని అడిగింది. కమాను దారికి పంపింది నేనే. మలుపులో గుర్తు లేక ఆమె తిన్నగా నడిచి, తెగిన గట్టు మీదనుంచి వాగులో పడింది. సాయంత్రం ఐదింటికి బండ నీడలో దొరికింది. మడమ విరిగింది, సీసాలో చుక్క లేదు, ఎండకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. దారి మూసేశారు, ఆ శనివారం నడక లేదు.

నాలుగు రోజుల తర్వాత మా అధికారి మార్కెజ్ ఆస్పత్రికి వెళ్లొచ్చి, కాఫీ తాగుతూ నాకూ ఆర్డిస్‌కూ చెప్పాడు. "మలుపులో మనవాళ్లు పెట్టిన కొత్త గుర్తు కనపడలేదట, తేలిక దారిలో కూడా నడవలేని మొద్దునండీ అంటోంది పాపం. వాళ్లాయన ముందే చెప్పాడట, నీకెందుకే ఈ నడకలూ అని."

ఆర్డిస్ లేచి వెనక గదిలోకి వెళ్లింది. కాగితం చదివి వచ్చింది.

"ఆ గుర్తు పడగొట్టింది నేను" అంది, టైమెంతైందో చెప్పినట్టు.

మార్కెజ్ లేచి తలుపు మూశాడు. "ఎవరైనా చూశారా?"

"లేదు."

"మరి గాలికే పడిందేమో. ఎవరో తన్నారేమో. మీరు చెబితే నేను రాయాలి, రాస్తే కోటు వెనక్కి తీసుకోవాలి. ఇక శనివారాలుండవు ఆర్డిస్ గారూ."

మంచివాడే, ఆమె మేలు కోరే అన్నాడు. నేనూ ఆ పక్షమే. "నోరు మూసుకోవే తల్లీ, ఆవిడ బతికింది కదా. అయినా నీకు బాధగా ఉందా?"

"లేదు. ఏమీ లేదు. కానీ ఆవిడ మొద్దు కాదు గదా." కోటు విప్పి, మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

నలభై మైళ్లు కారు నడిపి ఆస్పత్రికి తీసుకెళ్లింది నేనే. గది గుమ్మంలో నిలబడ్డాను. ఆర్డిస్ మొత్తం చెప్పింది, ఏదీ మెత్తబరచలేదు. డెనీస్ మంచం మీద లేచి కూర్చుంది.

"నాలుగు రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నా. ఇదంతా నీవల్లా?"

"అవును."

"నేను కనపడట్లేదని తెలిసినప్పుడు నీకేమనిపించింది?"

అబద్ధం చెప్పి ఉంటే ఏం పోయేది. "ఏమీ అనిపించలేదు" అంది ఆర్డిస్.

డెనీస్ ఫోన్ తీసుకుని మొగుడి నంబరు కలిపింది. "ఈ మాట ఆయనకు చెప్పు. చెప్పి పో. మళ్లీ నా కంటపడకు."

ఆర్డిస్ ఫోన్ అందుకుంది. "మీ ఆవిడ తప్పేం లేదండీ. దారి గుర్తు నేను తీసేశాను." అవతలినుంచి ఆయన అరుపులు గుమ్మం దాకా వినిపించాయి. అయ్యేదాకా విని, ఫోన్ మంచం మీద పెట్టి బయటికొచ్చింది.

ఆర్డిస్ కారులో కూర్చుంది. బెల్టు పెట్టుకోలేకపోయింది. "గ్లెన్నా, చాలా బాధగా ఉందే" అని బావురుమంది. వెర్ల్ పేరు కూడా పిలిచింది. అది విని నాకు సంతోషం వేసింది, వెంటనే సిగ్గూ వేసింది. నేను సంతోషపడ్డ ఆ ఏడుపు కోసం పై అంతస్తులో ఒక మనిషి కాలు విరగ్గొట్టుకుని పడుకోవలసి వచ్చింది.