అత్తయ్య చెప్పే వంకలు

వీధికుక్కల ఆశ్రమంలో అందరూ ఆమెను అత్తయ్య అంటారు. పొద్దున్నే గిన్నెలు తోమి, తడి చేతులు బట్టలకే తుడుచుకుంటుంది. కుక్కను పెంచుకుంటామని ఎవరైనా వస్తే ముందుగా దాని వంకలన్నీ ఏకరువు పెడుతుంది. ఆ మాటలకు కుక్కలే సిగ్గుపడి తోక ముడుస్తాయి. కానీ తెలియక తీసుకెళ్లినవాళ్లు మళ్లీ తెచ్చి వదిలేస్తే, ఆ మూగజీవి తిండి ముట్టదని ఆమెకు తెలుసు. ఒంటికన్ను ముసలి కుక్క అలా ఇప్పటికే రెండుసార్లు తిరిగొచ్చి, చిక్కి సగమైంది.

నిన్న దాని కోసం ఒక టైలరు వచ్చాడు. "అత్తయ్యా, నీకు దండం పెడతాను, ఈ ఒక్కసారికి నోరు మెదపకు" అని పశువుల డాక్టరు ఆమె చెవిలో బతిమాలాడు. అత్తయ్య వింటే కదా!

"ఇది గురక పెడితే పక్కవీధి ఇళ్ల కప్పులు లేస్తాయి నాయనా. చెప్పులు నమిలేస్తుంది. ఉన్న ఆ ఒక్క కన్నూ ఎన్నాళ్లో ఉండదు. బాగా ఆలోచించుకో."

డాక్టరు తల పట్టుకున్నాడు. టైలరు కుక్క పక్కన చతికిలబడ్డాడు.

"చెప్పులు అటక మీద పెట్టుకుంటాలెండి. కన్ను పోయాక, నా మిషను చప్పుడు విని నా దగ్గరికి రాగలదా?"

"వస్తుంది. దాని చెవులు బంగారం" అంటూ అత్తయ్య గొలుసు అతని చేతిలో పెట్టింది.